డబ్బాకు తెలిసిన పదకొండు రోజులు

రావల్కోల్‌లో కరెంటు కొట్టి చనిపోయిన రైతు బోరు దగ్గరి డబ్బాను బాలరాజు పాత గోనెసంచిలో చుట్టుకొని తెచ్చాడు. ఝాన్సీ బల్ల మీద పెట్టి, సంచి విప్పకుండానే రెండడుగులు వెనక్కి జరిగాడు.

“గిదే మేడం. భిక్షం అని, యాభై ఏండ్లుంటయేమో. బీరతోట పెట్టిండు. బోరు పైపు పట్టుకోంగనే పడిపోయిండట. పంచనామా అయిపోయింది. సార్ మిమ్మల్ని ఒక్కసారి చూడుమన్నడు.”

మేడ్చల్ పారిశ్రామికవాడలో వాళ్లది పన్నెండు మంది పనిచేసే చిన్న కంపెనీ. వ్యవసాయ బోర్లకు ఫోన్‌తో నడిచే డబ్బాలు తయారుచేస్తారు. రైతు ఇంటి దగ్గరే ఉండి డబ్బాలోని సిమ్ నంబరుకు ఫోన్ చేస్తే మోటారు నడుస్తుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది. బాలరాజు ఊళ్లు తిరిగి డబ్బాలు బిగిస్తాడు. వాటి లోపల నడిచే ప్రోగ్రాము రాసేది ఝాన్సీ. ఏడేళ్లుగా అదే ఆమె పని. దానితోపాటు ఇంకొకటి కూడా ఆమె నెత్తిన పడింది. కంపెనీ పెట్టిన కొత్తలో బయటివాళ్లను పిలిచి రికార్డు చేయించే ఓపిక లేక, మోటారు నడవగానే “మోటారు చాలైంది”, కరెంటు పోతే “కరెంటు లేదు” లాంటి మాటలన్నీ ఆమెచేతే చెప్పించారు. అల్వాల్ చర్చిలో ఆదివారం పాటలు పాడే గొంతు అది. ఆ గొంతు ఎవరిదో తెలియకుండానే నాలుగు మండలాల రైతులు రోజూ పొద్దున్నే దాన్ని వింటారు.

ఝాన్సీ మరలు విప్పి మూత తీసింది. లోపల తడి లేదు. పొడి దుమ్ము, ఒక మూలన కందిరీగ కట్టుకున్న మట్టిగూడు. గూడు కూడా చెక్కు చెదరలేదు. కేబుల్ పెట్టి, డబ్బా జ్ఞాపకంలో ఉన్నదంతా తన కంప్యూటర్‌లోకి తీసుకుంది.

డబ్బా తనలో జరిగే ప్రతి సంగతినీ ఒక్కో వరుసగా రాసుకుంటుంది. ప్రతి వరుసకూ ఒక స్థాయి ఉంటుంది. ఏ సంగతికి ఏ స్థాయి అన్నది ప్రోగ్రాము రాసేవాళ్ల ఇష్టం. ఎర్రర్ అని పెడితే డబ్బా మోటారును ఆపేసి రైతుకు ఫోన్ చేస్తుంది. వార్నింగ్ అయితే మోటారు ఆపదుగాని ఫోన్ చేసి చెబుతుంది. ఇన్ఫో అయితే కంపెనీ కంప్యూటరుకు పంపి ఊరుకుంటుంది. అన్నిటికన్నా అడుగున ఉండేది డీబగ్. అది ఎక్కడికీ పోదు. డబ్బా తనలో తానే రాసుకుంటుంది. ఎవరైనా వచ్చి కేబుల్ పెట్టి చదివితే సరి, లేదంటే కొన్ని వారాలకు కొత్త వరుసలు పడి పాతవి చెరిగిపోతాయి.

జూలై ఆరో తారీకు నుంచి ఆ అడుగు స్థాయిలో ఒకే మాట మొదలైంది. కరెంటు లీకవుతోంది. పక్కన ఎంత లీకవుతోందో మిల్లీ ఆంపియర్లలో అంకె. మొదటి రోజు పద్నాలుగు. మర్నాడు పంతొమ్మిది. తర్వాత ఇరవై ఆరు. ఒకరోజు వాన పడలేదేమో, కాస్త తగ్గింది. మళ్లీ పెరిగింది. భిక్షం పడిపోయిన పదహారో తారీకు, ఉదయం పది నలభై రెండు, నూట తొంభై. ఆ వరుస కింద మోటారు ఇంకో ఇరవై నిమిషాలు నడిచినట్టు ఉంది. తర్వాత ఎవరో కరెంటు తీసేశారు.

పదకొండు రోజులు డబ్బాకు తెలుసు. పదకొండు రోజులూ అది రాస్తూనే ఉంది.

ఝాన్సీకి ఆ సంగతిని డీబగ్ స్థాయిలో ఎవరు పెట్టారో వెతకనవసరం లేదు. అయినా ప్రోగ్రాము తెరిచి చూసింది. రెండేళ్ల కిందటి వానాకాలం. మొదట్లో ఆ సంగతికి వార్నింగ్ స్థాయి ఉండేది. ఆ ఏడు ముసురు పట్టి పది రోజులు వదల్లేదు. ఏ కొంచెం చెమ్మ తగిలినా డబ్బాలు లీకేజీ అని లెక్కేసుకొని రైతులకు ఫోన్లు చేశాయి. ఒక్క పొద్దున నాలుగు వందల ఇళ్లలో ఫోన్లు మోగాయి. “పైపు ముట్టుకోకండి, కరెంటు లీకవుతోంది” అని ఆమె గొంతే చెప్పింది. బాలరాజు వానలో తడుస్తూ తిరిగి చూస్తే ఎక్కడా ఏమీ లేదు. రైతులు తిట్టారు. యజమాని హేమచంద్ వచ్చి, “ఝాన్సీ, గీ లొల్లి బందు చెయ్యి ముందుగాల” అన్నాడు. చిన్న లీకేజీకి ఒక స్థాయి, పెద్దదానికి ఒక స్థాయి అని విడదీసి రాయాలని ఆమెకు తెలుసు. అందుకు వారం పని కావాలి. ఒక్క మాట మారిస్తే అయిపోతుంది కదా అని అదే మార్చింది. వార్నింగ్ తీసి డీబగ్ అని పెట్టింది. పక్కన తనకోసం రాసుకుంది కూడా: తాత్కాలికం, వానలు తగ్గాక సరిచేయాలి.

వానలు తగ్గాయి. ఫోన్లు మోగలేదు. అందరూ మెచ్చుకున్నారు.

ఆమె ఆ కాగితాలు ప్రింటు తీసుకొని హేమచంద్ గదిలోకి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు. రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“వైరు పొర పోయింది వాళ్ల బోరు మూతి దగ్గర. ఎర్తింగ్ లేదు. లైన్‌మన్ గదే రాసిండు. గది మన తప్పా?”

“కాదు సార్. కానీ మనకు తెలుసు.”

“మనకేం తెలుసు? డబ్బాకు తెలుసు.” కాగితాలు ఆమె వైపు తోశాడు. “మనం అమ్మేటప్పుడు లీకేజీ చెప్తదని ఎక్కడన్న రాసినమా? రాయలే. ఇగ గది నీ దగ్గరనే ఉండనియ్యి.”

ఝాన్సీ కాగితాలు తెచ్చి సొరుగులో పెట్టింది. డబ్బాను బల్ల చివరకు జరిపింది. కేబుల్ తీయాలన్న ఆలోచన రాలేదు.

మర్నాడు ఉదయం ఆమె వేరే పనిలో ఉండగా బల్ల చివర టక్‌మని చప్పుడైంది. మోటారును నడిపించే రిలే పడ్డ చప్పుడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. తెర మీద కొత్త వరుస పడింది. ఫోన్ వచ్చింది, మోటారు చాలు చేశాను. ఎవరు చేశారో పక్కనే పేరు. భిక్షం.

టైము చూసింది. పది నలభై రెండు.

ఆమె కుర్చీలో కదలకుండా కూర్చుంది. ఒక నిమిషం తర్వాత మళ్లీ టక్ అంది. ఫోన్ వచ్చింది, మోటారు ఆపేశాను. దీపం ఆరిపోయింది.

రైతు పేరుమీద నమోదైన నంబరు తప్ప ఇంకో నంబరుకు ఆ డబ్బా పలకదు. ఆ నియమం రాసింది కూడా ఆమే. ఇంట్లో ఎవరో చేసి ఉంటారని మనసుకు చెప్పుకుంది. కానీ లేని మోటారును ఎవరు ఎందుకు నడుపుతారు?

రెండో రోజూ అదే టైముకు టక్. మూడో రోజు ఆమె పది నలభైకే లేచి వరండాలోకి పోయి నిలబడింది. గోడ ఇవతలికి కూడా వినిపించింది. వినిపించే అవకాశం లేదని ఆమెకు తెలుసు, వరండాకూ ఆ గదికీ మధ్య రెండు తలుపులున్నాయి. అయినా వినిపించింది. తిరిగి వచ్చి చూస్తే తెర మీద వరుస ఉంది. పది నలభై రెండు.

సిమ్ తీసేస్తే సరిపోయేది. రెండుసార్లు చెయ్యి దానిదాకా పోయింది. తీస్తే ఆ డబ్బా నోరు రెండోసారి కూడా తనే మూసినట్టవుతుందనిపించి వెనక్కి తీసుకుంది.

ఇంట్లో తల్లి ఎలీషమ్మ గమనించింది. ఝాన్సీ ఇంటి ఇనుప గేటును చేతికి చున్నీ చుట్టుకొని తీస్తోంది. స్నానాల గదిలో నల్లా తిప్పే ముందు వేలి వెనకవైపుతో తాకి చూస్తోంది. ఆదివారం చర్చిలో పాట మధ్యలో ఆపేసింది.

“ఏమైంది బిడ్డా, గొంతు పోయిందా?”

“పోలేదమ్మా. పాడుతుంటే నా గొంతు నాకే ఇంకెవరిదో లెక్క వినబడుతాంది.”

ఇంటికి రాగానే ఎలీషమ్మ గేటు గడియకు పాత గుడ్డ చుట్టి కట్టింది.

ఐదో రోజు ఆపేయమని రెండో ఫోన్ రాలేదు. రిలే పడే ఉంది. దీపం అలాగే వెలుగుతోంది. మధ్యాహ్నం దాకా చూసింది ఝాన్సీ. లేని మోటారు నడుస్తూనే ఉంది. ఆమె సొరుగులోంచి కాగితాలు తీసి సంచిలో పెట్టుకొని, ఎవరికీ చెప్పకుండా స్కూటీ మీద రావల్కోల్ బయల్దేరింది.

బాలరాజు చెప్పిన గుర్తులతో ఇల్లు దొరికింది. రేకుల ఇల్లు. ముందర గంపల్లో ముదిరిపోయిన బీరకాయలు, ఎవరూ అంగడికి తీసుకుపోనివి. వాకిట్లో మంచం మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. భిక్షం తల్లి శివమ్మ. ఇంటి గోడకు ఆనుకొని, ఆమెకు దూరంగా, నలభై ఐదేళ్ల ఆడమనిషి. ఆమె చేతిలో పాత ఫోన్. భిక్షం భార్య యాదవ్వ.

“మోటారు డబ్బా కంపెనీ నుంచి వచ్చినక్కా. నా పేరు ఝాన్సీ.”

యాదవ్వ తలెత్తి చాలాసేపు చూసింది.

“నువ్వు డబ్బల మాట్లాడే పిల్లవు గదా.”

ఝాన్సీ సంచిని దగ్గరకు లాక్కుంది.

“ఇంకో మాట మాట్లాడు.”

“అవునక్కా. నేనే.”

“నాకు తెలుసు. ఆయన స్పీకర్ పెట్టి ఫోన్ జేస్తుండె. పొద్దుగాల లేవంగనే ఇంట్ల నీ మాటే మొదలు.” యాదవ్వ జరిగి చోటిచ్చింది. “కూసో బిడ్డా.”

మంచం మీద నుంచి శివమ్మ కోడలితో అంది, ఎవరివైపూ చూడకుండా. “ఆ పిల్లకు చెప్పు. డబ్బ మీద నీళ్లు పోసింది నువ్వేనని చెప్పు. నా కొడుకును తిన్నది ఆ నీళ్లేనని చెప్పు.”

యాదవ్వ మొహంలో ఏమీ కదల్లేదు. ఈ మాట ఆమె చాలాసార్లు విన్నదని తెలుస్తూనే ఉంది. గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. ఆ రోజు పొద్దున బీరకాయలు తెంపి, గంపలను బోరు దగ్గరే కడిగింది. కడిగిన బకెట్ నీళ్లు విసిరేస్తే, గాలికి మోటారు డబ్బా మీద పడ్డాయి. ఆమె చూసింది. తుడుద్దామనుకుంది. పెద్దమడి దగ్గర ఎవరో పిలిస్తే పోయింది. అరగంటకు ఆయన పైపు మార్చడానికి వచ్చాడు.

“నేను తుడువలేదు బిడ్డా. నేనే మా అత్తకు చెప్పిన గా సంగతి. దాచిపెట్టలే.”

“ఫోన్ చేసేది నువ్వేనా అక్కా? రోజూ?”

“చేస్తున్న.” ఫోన్‌ను అరచేత్తో తుడిచింది. “నీళ్లు తాగిన డబ్బ అయితే పాడైపోతది గదా, మాట్లాడది గదా? అందుకే చేసి చూస్తున్న. ఆయన పడిపోయిన టైముకే చేస్తున్న. ప్రతిసారి మోటారు చాలైందంటవు నువ్వు. అట్ల అంటున్నవంటే అది తడువలేదన్నట్టే గదా? ఇయ్యాల మళ్లీ బందు చెయ్యబుద్ధి కాలే. నడువనియ్యి అనుకున్న.”

ఝాన్సీ తన రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంది. ఐదు రోజులుగా ఆమె ఒక చనిపోయిన మనిషి తనను అడుగుతున్నాడనుకుంది. అడుగుతున్నది బతికున్న మనిషి. ఆ ప్రశ్నకు జవాబు ఈ ప్రపంచంలో తన సంచిలో తప్ప ఇంకెక్కడా లేదు. చెబితే యాదవ్వ మీది బరువు దిగిపోతుంది. దిగి ఎక్కడికి పోతుందో కూడా తెలుసు. డబ్బా లోపల పొడిగా ఉంది, నీళ్లు కారణం కాదు అని చెప్పి లేచిపోవచ్చు. అంతవరకూ అబద్ధం కూడా కాదు.

కాగితాలు బయటికి తీసింది.

“అక్కా, డబ్బ నేను విప్పి చూసిన. లోపట సుక్క నీళ్లు లేవు. కందిరీగ గూడు కూడా తడువలేదు. లీకయ్యింది అక్కడ కాదు. బోరు మూతి దగ్గర వైరు రాసుకొని పొర పోయింది. ఇనుప పైపుకు కరెంటు వచ్చుడు మొదలై పదకొండు రోజులైంది. నువ్వు గంపలు కడుగకముందే పది రోజుల సంది వస్తాంది.”

యాదవ్వ ఆ కాగితం వైపు చూసింది. చదువురాదు. వరుసల మీద వేలు పెట్టింది. “ఇది ఎవలు రాసిండ్రు?”

“డబ్బనే రాసుకున్నది.”

“పదకొండు రోజులు?”

“పదకొండు రోజులు.”

“మరి మాకెందుకు చెప్పలే?”

ఝాన్సీ అనుకున్న ప్రశ్నే. కాగితం మీది నుంచి తలెత్తింది. “నేను చెప్పొద్దన్న అక్కా. రెండేండ్ల కింద వానలల్ల ఉత్తుత్తిగనే ఫోన్లు పోతున్నయని, గా మాట ఎవ్వరికి పంపకు, నీలోపల్నే రాసుకో అని పెట్టిన. మళ్లీ సరిచేస్త అనుకున్న. చెయ్యలే. చేసి ఉంటే ఆరో తారీకు నాడే మీ ఫోన్ మోగేది. పైపు ముట్టుకోకండి అని నేనే చెప్తుంటి.”

రోడ్డు మీద ట్రాక్టర్ పోయింది. గంపల మీద ఈగలు లేచి మళ్లీ వాలాయి.

యాదవ్వ లేచింది. కొడుతుందేమో అనుకుంది ఝాన్సీ. కొడితే బాగుండుననుకుంది. యాదవ్వ ఆమె మోచెయ్యి పట్టుకొని లేపి, మంచం దగ్గరకు నడిపించింది.

“మా అత్తకు చెప్పు. ఇప్పుడు నాకెట్ల చెప్పినవో గట్లనే. మొదటి సంది.”

ఝాన్సీ మొదటి నుంచి చెప్పింది. శివమ్మ వింటున్నదో లేదో తెలియలేదు. ముసలామె కళ్లు కోడలి చేతి మీద ఉన్నాయి, ఆ చెయ్యి ఇంకా ఝాన్సీ మోచేతి మీదే ఉంది. అంతా అయ్యాక శివమ్మ కొంగు నోట్లో కుక్కుకొని, ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టింది. యాదవ్వ పోయి ఆమె పక్కన మంచం మీద కూర్చుంది. ముసలామె జరగలేదు.

“ఇగ పో బిడ్డా,” అంది యాదవ్వ. “నిన్ను ఏమనాల్నో నాకు సమజైతలేదు. రేపు అనబుద్ధి అయితది కావచ్చు. ఇయ్యాల పో.”

ఝాన్సీ స్కూటీ తిప్పుకొనేలోపు వెనకనుంచి మళ్లీ పిలిచింది. “గసొంటి డబ్బలు ఇంకెన్ని ఉన్నయి?”

“పంతొమ్మిది వందలు.”

యాదవ్వ తల ఊపింది.

సాయంత్రం నాలుగింటికి ఆఫీసుకు చేరి ఝాన్సీ నేరుగా హేమచంద్ గదిలోకి వెళ్లింది. రావల్కోల్ పోయినట్టు, అంతా చెప్పినట్టు చెప్పింది. ఆయన ముఖం ఎర్రబడింది. ఎవరిని అడిగి పోయావన్నాడు, కంపెనీ మూసుకోవాలా అన్నాడు, చాలాసేపు అన్నాడు. ఆమె నిలబడి విన్నది.

“సార్, పెద్ద లీకేజీలకు మోటారు ఆపి ఫోన్ చేసేటట్టు రాస్త. చిన్నవాటికి ఫోన్ ఒక్కటే. వారం పని. అప్పటిదాక ఊకె కూసోలేను. ఇప్పుడే పాత వార్నింగ్ తిరిగి పెడుతున్న. మళ్లీ లొల్లి అయితది. కానియ్యండి. కరెంటు ఇనస్పెక్టర్‌కు రాసిచ్చేది కూడా నా పేరుమీదనే ఇస్త.”

హేమచంద్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి బాలరాజును పిలిచి, రేపటినుంచి ఇంకో ఇద్దరిని వెంట తీసుకోమన్నాడు.

చీకటి పడకముందే పాత వార్నింగ్ ఫోన్ సిగ్నల్ మీద డబ్బాలన్నిటికీ వెళ్లింది. మర్నాడు ఉదయం అరవై మూడు ఇళ్లలో ఫోన్లు మోగాయి.

వారానికి మోటారు ఆపే కొత్త ప్రోగ్రాము కూడా వెళ్లింది. నెలరోజులు బాలరాజు బండి ఆగలేదు. చాలా చోట్ల ఏమీ లేదు, వట్టి చెమ్మ. తిట్లు మళ్లీ మొదలయ్యాయి. ఝాన్సీ కూడా వారంలో రెండు రోజులు అతని వెంట పోతోంది. తన కళ్లతో చూస్తే తప్ప ఏ వరుసనూ నమ్మలేకపోతోంది. ఇనస్పెక్టర్ ఆమె రాసిచ్చిన కాగితం తీసుకొని, పిలుస్తామన్నాడు. ఇంకా పిలవలేదు. యాదవ్వ మళ్లీ ఫోన్ చేయలేదు, డబ్బాకూ, ఆమెకూ. తిట్టడానికైనా చేస్తుందేమోనని ఝాన్సీ కొన్ని రోజులు చూసింది.

ఒకరోజు శామీర్‌పేట అవతల ఒక పూలతోటకు పోయారు. తోట దుర్గాబాయి అనే ఆమెది. వీళ్లు బండి దిగకముందే మొదలుపెట్టింది.

“పొద్దుగాల సంది నాలుగుసార్లు ఫోన్ జేసింది మీ మిషిని. మోటారు బంద్ జేసి కూసుంది. చామంతి ఎండిపోతాంది నాకు. ముట్టుకోకు ముట్టుకోకు అంటది. ముట్టుకోకుంటె నీళ్లెట్ల పారిచ్చుకోవాలె?”

“ఒక్క నిమిషం అమ్మా,” అన్నాడు బాలరాజు. “మోటారు ఒక్కసారి చాలు చేసి చూస్త. ఎవ్వరు దగ్గరికి రాకుండ్రి.”

స్టార్టర్ మీట నొక్కి, బోరు దగ్గరకు వచ్చి, రబ్బరు చెప్పుల మీద కూర్చొని, టెస్టర్ కొసను బోరు గొట్టమైన ఇనుప కేసింగ్‌కు ఆనించాడు. పట్టపగలు ఎండలో టెస్టర్ దీపం సరిగా కనిపించదు. బాలరాజు చెయ్యి అడ్డం పెట్టి నీడ చేశాడు. ఎర్రగా వెలుగుతోంది. అతను మెల్లగా లేచి పోయి మీట కిందికి లాగాడు. మోటారు చప్పుడు ఆగిపోయింది.

దుర్గాబాయి నోరు మధ్యలో ఆగింది. ఆమె మెడ తిప్పి పక్కకు చూసింది. కేసింగ్‌కు నాలుగు బారల దూరంలో, చింతకొమ్మ కింద, ఆమె మనవరాలి చిన్న చెప్పులు విడిచి ఉన్నాయి. పాప వాటికి కాస్త అవతల మట్టిలో ఆడుకుంటోంది.

దుర్గాబాయి నడిచివెళ్లి పాపను ఎత్తుకుంది. ఝాన్సీ వంగి ఆ చెప్పులు తీసింది. వాటికి అంటుకున్న తడిమట్టిని తన చున్నీతో తుడిచి, పాప కాళ్లకు ఒక్కొక్కటిగా తొడిగింది. రెండో చెప్పు పట్టీ పెట్టడానికి చాలాసేపు పట్టింది.